బ్యాకప్ టూల్స్ రివ్యూ: మంగళవారం నాటి ఫైలు కావాలంటే ఎవరు ఇస్తారు?

బ్యాకప్ సాఫ్ట్‌వేర్ల గురించి ఎవరు రాసినా ఎన్ని జీబీ ఇస్తున్నారు, కాపీ ఎంత స్పీడుగా అవుతోంది అనే లెక్కలతోనే మొదలుపెడతారు. కాపీ నిదానంగా అయితే వచ్చిన నష్టమేంటో నాకైతే అర్థం కాదు, రాత్రి వదిలేసి పడుకుంటే తెల్లారేసరికి అదే అవుతుంది. చూడాల్సింది రెండో వైపు. మంగళవారం నాటి ఫైలు కావాలి, శుక్రవారం ఏదో చేయబోయి ఇంకేదో అయి సగం పేజీలు ఎగిరిపోయాయి, గంటలో పంపాలి, కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషికి కమాండ్లు రావు, పైగా టెన్షన్. ఆ టైంలో పాత కాపీని ఎంత తేలిగ్గా తీసి చేతికిస్తుంది అన్నదానికే ఇక్కడ మార్కులు. ప్రోగ్రామర్లకి వేరే దారులున్నాయి, వాళ్లని పక్కన పెట్టేద్దాం.

ముందుగా ఒక మాట. "రిపోర్ట్_ఫైనల్", "రిపోర్ట్_ఫైనల్_2", "రిపోర్ట్_ఇదే_అసలు_ఫైనల్" అని ఫైళ్లకి పేర్లు పెట్టేవాళ్లని చూసి నవ్వడం ఒక అలవాటైపోయింది. నేను నవ్వను. వాళ్లు చేత్తో వెర్షన్ కంట్రోల్ చేస్తున్నారు, అంటే మార్చిన ప్రతిసారీ పాత రూపాన్ని విడిగా దాచుకుంటున్నారు, అంతే. ఆ పేర్లలో పెద్ద సమాచారమే ఉంటుంది: ఇది సార్‌కి పంపింది, ఇది ఆయన దిద్దులు చేర్చింది, ఇది ప్రింట్‌కి వెళ్లింది. మనిషికి పాత ఫైలు గుర్తుండేది అలాగే, "14వ తేదీ 11 గంటల 42 నిమిషాలది" అని ఎవరికీ గుర్తుండదు. ఈ పద్ధతికి ఉన్న లోపమల్లా అన్ని కాపీలూ ఒకే డిస్క్‌లో ఉండటం, ఇంకా సరిగ్గా అవసరమైన రోజునే కొత్త పేరుతో సేవ్ చేయడం మర్చిపోవడం. కాబట్టి ఏ టూల్ అయినా ముందు ఈ ఫైనల్_2 పద్ధతిని ఓడించాలి. వినడానికి చిన్న విషయమే, చాలా టూల్స్ ఓడించలేవు.

సేవ్ కొట్టిన ప్రతిసారీ పాతది దానంతట అదే మిగిలిపోయే కంప్యూటర్లు ఎప్పుడో ఉండేవి. 1977లో డెక్ కంపెనీ వీఏఎక్స్ యంత్రాలతో పాటు ప్రకటించిన వీఎంఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఫైలు పేరు చివర సెమీకోలన్ పెట్టి 1, 2, 3 అని నంబర్ పడేది, సేవ్ చేస్తే నంబర్ పెరిగేది, పాతది అక్కడే ఉండేది. డిస్క్ నిండిపోతే పర్జ్ అనే కమాండ్ ఇస్తే చివరిది ఉంచి మిగతావి తీసేసేది. ఆ రోజుల్లో డిస్క్ ఎంత ఖరీదో తెలిసిందే. ఇప్పుడు జేబులో పట్టే డ్రైవ్‌లో ఒక జన్మకి సరిపడా వర్డ్ ఫైళ్లు పడతాయి, అయినా మన మామూలు కంప్యూటర్లో సేవ్ నొక్కగానే పాతది మాయం.

ఇక అసలు విషయానికి వద్దాం. మొదట చాలామంది దగ్గర ఇప్పటికే ఉన్నవి: గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్, డ్రాప్‌బాక్స్. "నాకు బ్యాకప్ ఉంది, అన్నీ డ్రైవ్‌లోనే ఉన్నాయి" అనేవాళ్ల ధీమా చూస్తే నాకు కొంచెం భయమేస్తుంది. ఇవి చేసేది ప్రధానంగా సింక్. ఇక్కడ మార్చింది అక్కడా మారుతుంది, ఇక్కడ డిలీట్ చేసింది అక్కడా డిలీట్ అవుతుంది, తప్పు కూడా అంతే నమ్మకంగా అన్ని పరికరాలకీ చేరిపోతుంది. మనల్ని కాపాడేది సింక్ కాదు, దాని వెనక నడిచే వెర్షన్ హిస్టరీ, ఇంకా ట్రాష్. వాటికి హద్దులున్నాయి, ఆ హద్దులు తెలియకపోవడమే సమస్య. గూగుల్ డ్రైవ్‌లో పెట్టిన వర్డ్, పీడీఎఫ్, ఫోటో లాంటి ఫైళ్ల పాత వెర్షన్లు 30 రోజుల తర్వాత గానీ, 100 వెర్షన్లు దాటాక గానీ తీసేస్తారు, మనం ఒక వెర్షన్‌ని పట్టుకుని ఎప్పటికీ ఉంచమని టిక్ పెడితే తప్ప. ట్రాష్ కూడా 30 రోజులే. డ్రాప్‌బాక్స్ ఉచిత ఖాతాకీ 30 రోజులే. వన్‌డ్రైవ్ సొంత ఖాతాలో చివరి 25 వెర్షన్లు ఉంటాయి, ఆటోసేవ్ ఆన్ చేసుకుని రోజూ పనిచేసే ఫైలుకి 25 పెద్ద సంఖ్యేమీ కాదు.

30 రోజులు ఎవరికి చాలు? రోజూ తెరిచే ఫైలుకి చాలు, ఏదైనా పాడైతే మర్నాడే తెలుస్తుంది. ఏడాదికోసారి తెరిచే లెక్కల ఫైలు, ఎప్పుడో స్కాన్ చేసి పెట్టిన సర్టిఫికెట్లు, పిల్లల చిన్నప్పటి ఫోటోలు, వీటికి చాలదు. అవి పోయాయని మనకి తెలిసేసరికే గడువు దాటిపోయి ఉంటుంది. పోతే నిజంగా ఏడ్చేది ఇలాంటి వాటికోసమే.

అలాగని క్లౌడ్‌ని తీసిపారేయను. గూగుల్ డాక్స్‌లో వెర్షన్ హిస్టరీ తెరిస్తే కుడివైపు తేదీలు, ఎవరు మార్చారో వాళ్ల పేరు, ఏ వాక్యం మారిందో రంగులో కనిపిస్తాయి. అన్నిటికన్నా నాకు నచ్చింది ఇప్పుడున్న వెర్షన్‌కి పేరు పెట్టుకునే సదుపాయం. "ప్రింట్‌కి పంపింది" అని పేరు పెట్టి వదిలేస్తే, తర్వాత పేరున్న వెర్షన్లు మాత్రమే చూపించమని అడగొచ్చు. ఫైనల్_2 పద్ధతిని ఓడించిందంటే నా దృష్టిలో ఇదొక్కటే: సేవ్ చేయడం మన పని కాదు, పేరు మాత్రం మనది. వచ్చిన చిక్కల్లా అది గూగుల్ సొంత డాక్యుమెంట్లకే పనిచేస్తుంది, మీ ఫోల్డర్‌లోని మిగతా ప్రపంచానికి కాదు. వర్డ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రెఆఫీస్‌లో కూడా ఫైల్ మెనూలో వెర్షన్స్ అని ఒకటుంది, వెర్షన్ సేవ్ చేసేటప్పుడు పక్కన చిన్న వ్యాఖ్య కూడా రాసుకోనిస్తుంది, భలే ఉంటుంది, కానీ ఆ వెర్షన్లన్నీ ఆ ఒక్క ఫైలు కడుపులోనే ఉంటాయి కాబట్టి ఫైలు పోతే అన్నీ కట్టగట్టుకుని పోతాయి.

ఇప్పుడు విండోస్ ఫైల్ హిస్టరీ. ఎక్కువమంది వాడేది విండోసే కాబట్టి దీని దగ్గర కాస్త ఆగుతాను. 2012లో విండోస్ 8తో వచ్చింది. ఒక ఎక్స్‌టర్నల్ డ్రైవ్ తగిలించి ఆన్ అంటే చాలు, గంటకోసారి మారిన ఫైళ్లని చూసుకుని కాపీ తీస్తుంది. ఆ గంటని 10 నిమిషాలకి తగ్గించుకోవచ్చు, రోజుకోసారికి పెంచుకోవచ్చు. పాత కాపీలు ఎప్పటికీ ఉంచాలన్నది దాని మామూలు సెట్టింగ్, ఈ ఒక్క విషయంలో క్లౌడ్ వాళ్లందరికన్నా ఇదే మేలు.

రీస్టోర్ ఎలా ఉంటుందో చూడటానికి, వర్డూ ఈమెయిలూ తప్ప ఇంకేమీ ముట్టుకోని మా పెద్దమ్మని దాని ముందు కూర్చోబెట్టాను. విండోస్ 10లో ఫైలు ఉన్న ఫోల్డర్‌లో హిస్టరీ నొక్కితే ఒక విండో వస్తుంది, పైన తేదీ, టైమ్, మధ్యలో ఆ రోజు ఫోల్డర్ ఎలా ఉందో అలాగే, కింద అటూ ఇటూ రెండు బాణాలు, మధ్యలో గుండ్రటి ఆకుపచ్చ బటన్. ఎడమ బాణం నొక్కుతుంటే వెనక్కి పోతున్నామని చెప్పకుండానే అర్థమైపోయింది. ఫైలు మీద రెండుసార్లు నొక్కితే లోపల ఏముందో అక్కడే కనిపిస్తుంది, ఇదేనా కాదా అని చూసుకున్నాకే తీసుకోవచ్చు. ఆకుపచ్చ బటన్ దగ్గరికి రాగానే ఆవిడ చెయ్యి ఆగిపోయింది. "ఒరేయ్, ఇది నొక్కితే ఇప్పుడున్నది పోతుందా?"

సరైన ప్రశ్న. మామూలు మనిషి పాత కాపీ తెచ్చుకోవడానికి భయపడేది సరిగ్గా ఇందుకే, పాతదాని కోసం వెళ్లి కొత్తది పోగొట్టుకుంటామేమో అని. బటన్ మీద దానికి జవాబు లేదు. నొక్కితే అప్పుడు అడుగుతుంది, ఉన్నదాని మీద రాసేయనా, వదిలేయనా, రెండూ పోల్చి చూస్తావా అని. మూడోది ఎంచుకుని రెండిటికీ టిక్ పెడితే రెండూ ఉంటాయి, పాతదాని పేరు చివర ఒక అంకె చేరుతుంది. ఇంకా మంచి దారి బటన్‌ని రైట్ క్లిక్ చేసి వేరే చోటికి రీస్టోర్ చేయమనడం, కానీ బటన్‌ని రైట్ క్లిక్ చేయాలన్న ఆలోచన ఎవరికొస్తుంది చెప్పండి. ఈ సౌకర్యం ముందే కనిపించేలా పెట్టి ఉంటే ఫైల్ హిస్టరీకి పదికి తొమ్మిది వేసేవాణ్ని.

ఇంకో మంచి గుణం, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు: కాపీలు మామూలు ఫైళ్లుగానే ఉంటాయి. ఆ డ్రైవ్‌ని ఇంకే విండోస్ కంప్యూటర్‌కి తగిలించినా ఫైల్‌హిస్టరీ అనే ఫోల్డర్‌లోకి వెళ్తే అదే ఫోల్డర్ల వరస, అవే ఫైళ్లు, పేరు చివర బ్రాకెట్లో తేదీ, సమయం. ఆ సమయం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటుంది, మీ గోడ గడియారంతో కలవదు, కంగారు పడకండి. కంప్యూటర్ పూర్తిగా చచ్చిపోయినా, ఏ సాఫ్ట్‌వేరూ లేకుండా, కాపీ చేసుకుంటే చాలు.

మరి గొడవేంటంటే, దాన్ని కన్నవాళ్లే పట్టించుకోవట్లేదు. మొదట్నుంచీ ఆఫ్‌లోనే ఉంటుంది. విండోస్ 11లో సెట్టింగ్స్ నుంచి తీసేసి పాత కంట్రోల్ ప్యానెల్‌లోకి నెట్టేశారు. విండోస్ 10లో నచ్చిన ఫోల్డర్ చేర్చుకునే బటన్ ఉండేది, అదీ పోయింది. ఇప్పుడు లైబ్రరీలు (డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి పేర్లతో విండోస్ కట్టే ఫోల్డర్ల గుంపులు), డెస్క్‌టాప్ లాంటివి మాత్రమే తీసుకుంటుంది, డి డ్రైవ్‌లో మీరు సొంతంగా పెట్టుకున్న ఫోల్డర్ కావాలంటే దాన్ని ముందు ఏదో ఒక లైబ్రరీలో చేర్చాలి. ఇది తెలియక "ఆన్‌లోనే ఉంది కదా" అనుకుంటే డి డ్రైవ్‌లోది ఏదీ కాపీ అవ్వదు, ఎవరూ హెచ్చరించరు. దీనికి తోడు వన్‌డ్రైవ్ బ్యాకప్‌కి ఒప్పుకుంటే డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్ లోపలికి మారిపోతాయి, ఫైలు ఈ కంప్యూటర్లో ఉందా పైన ఉందా అన్న సందేహం అక్కడ మొదలవుతుంది. పదికి ఏడు. మనసు తొమ్మిది అంటోంది కానీ ఏడు.

మ్యాక్ వాళ్ల టైమ్ మెషీన్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, 2007లో లెపర్డ్ అనే మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో వచ్చినప్పటి నుంచి పాత ఫైలు తిరిగిచ్చే విషయంలో అందరికీ అదే కొలబద్ద. గత 24 గంటలకి గంటకొకటి, గత నెలకి రోజుకొకటి, అంతకుముందువి వారానికొకటి, డిస్క్ నిండితే అన్నిటికన్నా పాతది తీసేస్తుంది. ఈ లెక్కని మనం ఎప్పుడూ ముట్టుకోనక్కర్లేదు. రీస్టోర్‌లో విండోలు ఒకదాని వెనక ఒకటి దూరంగా వెళ్తూ కనిపిస్తాయి, కుడి అంచున తేదీల గీత. రెండు మూడు డిస్కులు ఇస్తే వాటి మధ్య తనే వంతులు వేసుకుంటుంది, ఒకటి ఇంట్లో ఒకటి బయట పెట్టుకునేవాళ్లకి ఇది పెద్ద సౌకర్యం, ఫైల్ హిస్టరీలో ఒకసారికి ఒకే డ్రైవ్. లోపం: ఆ డిస్క్‌ని విండోస్ కంప్యూటర్‌కి తగిలిస్తే అది చదవలేదు. తొమ్మిది.

లినక్స్‌లో డేజా డూప్ అని ఒకటుంది, మెనూలో బ్యాకప్స్ అన్న పేరుతో ఉంటుంది. చూడటానికి మరీ ఖాళీగా ఉంటుంది: ఏ ఫోల్డర్లు దాచాలి, ఏవి వదిలేయాలి, ఎక్కడ పెట్టాలి, ఎన్నాళ్లకోసారి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ని మొదట్నుంచీ వదిలేసే జాబితాలో పెడుతుంది, డౌన్‌లోడ్స్‌లోనే జీవితం గడిపేసేవాళ్లు అది మార్చుకోవాలి. కానీ ఇందులో ఒక పని నాకు తెగ నచ్చింది. పాస్‌వర్డ్ పెట్టిన బ్యాకప్ అయితే, అప్పుడప్పుడు ఆగి, "అవసరమొచ్చినప్పుడు ఫైళ్లు తిరిగి వస్తాయో లేదో చూడాలి, పాస్‌వర్డ్ మళ్లీ టైప్ చేయండి" అని అడిగి చిన్న రీస్టోర్ పరీక్ష చేసి చూస్తుంది. ఇంత చిన్న ఆలోచన పెద్ద పెద్ద టూల్స్‌కి ఎందుకు రాలేదో! 2017 జనవరి 31న ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ కంపెనీలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్ డైరెక్టరీనే తుడిచేసినప్పుడు, వాళ్లు ఏర్పాటు చేసుకున్న ఐదు రకాల బ్యాకప్ పద్ధతుల్లో ఏదీ సరిగ్గా పనిచేయట్లేదని ఆ రోజే బయటపడింది. అంతకు ఆరు గంటల ముందు వేరే పనికోసం తీసిన స్నాప్‌షాట్ (ఆ క్షణానికి ఉన్నదున్నట్టు తీసిన కాపీ) ఒకటి దొరికింది కాబట్టి ఆరు గంటల డేటాతో పోయింది. వాళ్ల పనే అది, వాళ్లకే అలా అయింది. డేజా డూప్‌కి ఎనిమిది, ఆ పాస్‌వర్డ్ ప్రశ్న కోసమే.

ఇక గిట్. "వెర్షన్ కంట్రోల్ కావాలా? గిట్ నేర్చుకో" అని సలహా ఇచ్చే ఫ్రెండ్ అందరికీ ఒకడుంటాడు. గిట్ అద్భుతమే, 2005లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్ (లినక్స్ గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) కోసం రాసింది, కెర్నెల్ రాసేవాళ్లకి ఏం కావాలో అదంతా ఉంది. వ్యాసం రాసేవాళ్లకీ, ఫోటోలు దాచుకునేవాళ్లకీ కావలసింది అది కాదు. సేవ్ చేస్తే చాలదు, స్టేజ్ చేయాలి (ఏ మార్పులు దాచాలో ఎంచాలి), కమిట్ చేయాలి (వాటిని చరిత్రలో నమోదు చేయాలి), కమిట్ చేయనిది దాని లెక్కలో లేనట్టే. వర్డ్ ఫైలు నిజానికి జిప్ చేసిన మూట, కాబట్టి ఏ వాక్యం మారిందని అడిగితే "బైనరీ ఫైళ్లు, రెండూ వేరు" అని మామూలుగా చేతులు దులిపేసుకుంటుంది. ఫైళ్ల పాత తేదీలు గుర్తుంచుకోదు. ఖాళీ ఫోల్డర్‌ని అసలు లెక్కలోకే తీసుకోదు. తెలుగులో పేరు పెట్టారా, ఇక చూడండి: కథ అని పేరున్న ఫైలు స్థితి అడిగితే \340\260\225\340\260\245 అని చూపిస్తుంది. దాన్ని సరిచేసే సెట్టింగ్ ఒకటుంది, అది వెతుక్కునేలోపు కొత్తవాడు లేచి వెళ్లిపోతాడు. అన్నిటికన్నా పెద్దది, గిట్ చరిత్ర మొత్తం అదే ఫోల్డర్‌లో దాచిన ఇంకో ఫోల్డర్‌లో ఉంటుంది. వేరే చోటికి పుష్ చేయకపోతే డిస్క్‌తో పాటే పోతుంది. మామూలు టెక్స్ట్‌లో రాసుకునేవాళ్లకి, నేర్చుకునే ఓపిక ఉన్నవాళ్లకి తప్ప మిగతావాళ్లకి మూడు మార్కులు.

ఆ మూడు కూడా ఎందుకంటే, గిట్‌లో ప్రతి కమిట్‌కీ "ఇక్కడ ఇది చేశాను" అని ఒక లైన్ రాస్తాం. టైమ్ మెషీన్‌కి, ఫైల్ హిస్టరీకి గడియారం మాత్రమే తెలుసు, ఏ కాపీ ఎందుకు ముఖ్యమో తెలియదు. గిట్‌కి ఎందుకో తెలుసు, కానీ అడగందే ఏదీ దాచదు. మధ్యలో గూగుల్ డాక్స్ ఒక్కటి రెండూ చేస్తోంది, అదీ తన ఇంట్లోనే.

సింక్‌థింగ్ వాడేవాళ్లకి ఒక హెచ్చరిక మాత్రం చెప్పి పోతాను. సొంత కంప్యూటర్ల మధ్య నేరుగా సింక్ చేసుకోవడానికి చాలా మంచిది, పాత వెర్షన్లు దాచే ఏర్పాటూ ఉంది, కానీ మొదట్లో ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేసినా అవతలి పరికరం నుంచి వచ్చిన మార్పులకే పాత కాపీ దాస్తుంది. మీ ల్యాప్‌టాప్‌లో మీరే చెడగొట్టుకున్న ఫైలుకి పాత కాపీ మీ ల్యాప్‌టాప్‌లో ఉండదు, అవతలి కంప్యూటర్లో ఆ సెట్టింగ్ ఆన్ అయి ఉంటే అక్కడ ఉంటుంది. కోపియా అనే బ్యాకప్ టూల్ సాంకేతికంగా వీటన్నిటికన్నా గట్టిది, మారిన ముక్కలు మాత్రమే దాస్తుంది, అంతా ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, కానీ తెరవగానే రిపాజిటరీ, పాలసీ, స్నాప్‌షాట్ అని పలకరిస్తుంది, పాస్‌వర్డ్ మర్చిపోతే దేవుడు కూడా తెరవలేడు. మా పెద్దమ్మకి పెట్టను. మీరు పెట్టుకోవచ్చు.

ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇది. విండోస్ అయితే ఫైల్ హిస్టరీ ఆన్ చేయండి, ఫోల్డర్లన్నీ లైబ్రరీల్లో ఉన్నాయో లేదో చూడండి, దాంతోపాటు ఏదో ఒక క్లౌడ్ ఉంచండి. మ్యాక్ అయితే టైమ్ మెషీన్, క్లౌడ్. డ్రైవ్‌ని ఎప్పుడూ తగిలించే ఉంచకండి, రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే వైరస్) వస్తే తగిలించి ఉన్న డ్రైవ్‌లోని ఫైళ్లకీ తాళం వేస్తుంది, 2017 మేలో వచ్చిన వానాక్రై అయితే విండోస్ తనంతట తాను దాచుకున్న పాత కాపీలని (షాడో కాపీలు) కూడా వెతికి మరీ తుడిచేసేది. పీకేస్తే మళ్లీ తగిలించడం మర్చిపోతారు, నిజమే, అందుకే పక్కన క్లౌడ్ ఉండాలన్నది. ఎవరికైనా పంపిన ప్రతి ఫైలునీ పంపిన రోజే "పంపినవి" అనే ఫోల్డర్‌లోకి ఎవరికి పంపామో ఆ పేరుతో ఒక కాపీ వేసేయండి, ఆ ఫోల్డర్ డాక్యుమెంట్స్ లోపలే ఉంటే ఫైల్ హిస్టరీ దాన్నీ చూసుకుంటుంది. రైట్ క్లిక్ చేస్తే "ఈ కాపీకి పేరు పెట్టు" అని ఒక గడి ఫైల్ హిస్టరీలో వచ్చేదాకా పేర్లు పెట్టే పని మనదే.